ఎత్తుగా కట్టిన మూట

పిల్లలూ, మొన్న ఫోన్లో మీరు నన్ను ఒక మాట అడిగారు. సైకిల్ మీద గుడారం, పొయ్యి, బొంత, తిండి అన్నీ ఎలా పట్టించావవ్వా అని. ఫోన్లో చెబితే మధ్యలోనే మీరు నవ్వేస్తారు, నాకు వరుస తప్పిపోతుంది. అందుకే రాస్తున్నాను. తీరికగా చదువుకోండి, నవ్వేదుంటే చివర్లో నవ్వండి.

పోయిన వేసవిలో మీరు పుణే తిరిగి వెళ్తున్నప్పుడు పెద్దది తన పాత గుడారం ఎమ్మిగనూరులో మా ఇంట్లోనే వదిలేసింది కదా. "నాకు కొత్తది ఉంది, ఇది నీకే అవ్వా" అంది. నాకెందుకమ్మా గుడారం, వడియాల మీద కాకులు వాలకుండా కప్పడానికి పనికొస్తుందేమో అనుకున్నాను. ఒకరోజు నిజంగానే వడియాల కోసం డాబా మీద విప్పాను. రెండు కడ్డీలు దూర్చానో లేదో, చిన్న ఇల్లులా లేచి నిలబడింది. లోపలికి దూరి కూర్చున్నాను. పచ్చటి వెలుగు, చల్లగా ఉంది. కింది నుంచి మీ తాత పిలుస్తున్నాడు. నేను పలకలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన పిలిస్తే పలక్కుండా ఉండడం అదే మొదటిసారి అనుకుంటా.

ఆ మధ్యాహ్నమే ఆదోని ఖాలాకు ఫోన్ చేశాను. ఆమె మీకు తెలుసు, ఆదోనిలో బొంతలు కుట్టే ఆమె. వాళ్ళ వీధి పిల్లలంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిస్తే నాకూ అదే అలవాటైంది. నాకంటే ఐదారేళ్ళు చిన్నది. మీ తాత మగ్గం మీద నేసిన చీరలు నేను సైకిల్ మీద పెట్టుకుని షావుకారుకి ఇచ్చొచ్చే కాలం నుంచి మాకు స్నేహం. ఆమె కూడా కుట్టిన బొంతలు ఇళ్ళకు చేర్చేది సైకిల్ మీదే. ఇద్దరం ఏడాదికొకసారి కలిసి మంత్రాలయం బస్సెక్కుతాం. నేను స్వామి దర్శనానికి, ఆమె వాళ్ళ అన్నను చూడడానికి. ఆయన మంత్రాలయానికి కాస్త ఇవతల, తుంగభద్ర ఒడ్డున కర్బూజా తోట వేస్తాడు. ఇన్నేళ్ళూ పోయాం, వచ్చాం. ఏనాడూ నది మీద పొద్దు మునగడం చూడలేదు. చివరి బస్సు తప్పిపోతుందని, ఇంట్లో వంట కాలేదని, సాయంత్రం అయ్యేసరికి ఇద్దరం బస్టాండులో ఉంటాం.

"ఖాలా, మీ అన్న తోటలో ఒక రాత్రి గుడారం ఏసుకుందామా? సైకిళ్ళ మింద పోదాం" అన్నాను.

 ఆమె అవతలి నుంచి, "అక్కా, ఈ మాట నువ్వు ఇరవై ఏండ్ల ముందే అడిగింటే మోకాళ్ళన్నా బాగుండేవి" అంది. అంటే సరే అన్నట్టే.

మీ నాయనకు చెప్పినప్పుడు మాత్రం అంత తొందరగా సరే అనలేదు. రెండేళ్ళ కిందట నేను బాత్రూములో జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను, ఆ భయం ఇంకా పోలేదు. చివరికి ఒక షరతు పెట్టాడు. "అమ్మా, పోయే రోజు ఎంత బరువు ఉంటాదో అంతా కట్టుకోని, ముందు గోనెగండ్ల దాకా పోయి రా. నాయన ఎనకాల మోపెడ్ మింద వస్తాడు. నాయన సరే అంటే పో. కాదంటే సప్పుడు సెయ్యకుండా బస్సెక్కు."

ఇది వినడానికి బాగానే ఉంది. కానీ మీ తాత సంగతి మీకు తెలియదా? ఆయన అబద్ధం చెప్పడు. నా కోసం కూడా చెప్పడు. అదే నాకు భయం.

ఇక సర్దడం మొదలుపెట్టాను. సైకిల్ షాపతను వెనక టైరు, ట్యూబు మార్చి, బ్రేకులు బిగించాడు. క్యారియర్‌ని చేత్తో ఊపి చూసి, "పెద్దమ్మా, దీని మింద మనవడిని కూసోపెట్టుకుంటావా?" అన్నాడు. సంగతి చెప్పాను. ఒక్క క్షణం నన్ను కింది నుంచి పైదాకా చూసి, క్యారియర్ కింద ఇంకో ఇనుప కడ్డీ వెల్డింగ్ చేయించాడు.

ఖాలా ముందురోజే వచ్చేసింది. ఆదోని మార్కెట్లో పత్తి దించి ఖాళీగా తిరిగొస్తున్న ట్రాలీ ఆటోలో తన సైకిల్ వేసుకుని, డ్రైవరు పక్కన కూర్చుని దిగింది. చేతిలో ఆమె కుట్టిన సంచులు. యూరియా సంచులకు లోపల టార్పాలిన్ వేసి, అంచులకు బొంత గుడ్డ పెట్టి, ఎర్ర దారంతో కుట్టింది. ఒక్కో సైకిల్‌కు రెండు. ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, సామాను పెట్టి మురికి చేయబుద్ధి కాలేదు.

"ఇవి క్యారియర్‌కి రెండు పక్కలా యాలాడాల అక్కా. బరువంతా కిందికుండాల. మా అబ్బాజాన్ గాడిద మింద ఇట్లనే సంచులేసి ఉప్పు అమ్మేటోడు. ఒక్కనాడు కూడా గాడిద తూలలేదు" అంది.

నేను తల ఊపాను. ఊపానే గానీ వినలేదు. ఎందుకో చెప్పాలి. మాది చీరలు మోసిన ఇల్లు. చీరల మూటను క్యారియర్ మీద ఎంత ఎత్తుగా కడితే అంత మంచిదని మా అత్త నేర్పింది. కిందికి ఉంటే చక్రం లేపే దుమ్ము, బురద, కాళ్ళ చెమట అన్నీ బట్టకే అంటుతాయి. మరక పడిన చీరను షావుకారు తీసుకోడు. ముప్పై ఏళ్ళు అలాగే ఎత్తుగా కట్టాను. చేతులకు అదే అలవాటు. కాబట్టి ఖాలా సంచుల్లో నా చీరలు, తువ్వాళ్ళు, దుప్పటి లాంటి తేలికవి పెట్టాను. బరువైనవన్నీ, అంటే గుడారం, పొయ్యి, గిన్నెలు, జొన్నపిండి, నీళ్ళ క్యాను, ఖాలా కుట్టిన బొంత, ఇవన్నీ క్యారియర్ మీద ఒకదాని మీద ఒకటి పేర్చాను.

మూట బిగించడానికి తాడు చాలలేదు. ఎదురింటికి వెళ్ళాను. ఆమెను మీరు చూశారు, ఎదురింటి వదిన, వీధిలో ఎవరింట్లో కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో చెప్పగలదు.

"వదినా, మీ నైలాన్ తాడుంటే ఇయ్యవా?"

"తాడెందుకు? పాలకు ఎనుము తెచ్చినారా?"

"కాదు. సైకిల్‌కి సామాను కట్టాల."

"సామాను కట్టుకోని యాడికి పోతాండావు?"

"మంత్రాలయానికి."

అక్కడే తప్పు చేశాను. తోటకు పోతున్నా, నది దగ్గరికి పోతున్నా అని ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. ఈ పక్క ఊళ్ళలో ఎవరైనా మంత్రాలయం పోతున్నారని తెలిస్తే మొక్కులున్న వాళ్ళు ఊరుకోరు. అరగంటలో ఎదురింటి వదిన పసుపు గుడ్డ చుట్టిన టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మనవరాలు నర్సు పరీచ్చ పాసయితే మంత్రాలయం మంచాలమ్మకు టెంకాయ ఇస్తానని మొక్కింటి. పాసయింది. నేనెప్పుడు పోతానో ఏమో, నీ చేత్తో ఇయ్యి" అంది. దేవత పేరు చెప్పి ఇచ్చినదాన్ని వద్దని ఎలా అంటాం? కళ్ళకద్దుకుని తీసుకున్నాను. సాయంత్రానికి టెంకాయలు తొమ్మిదయ్యాయి. కాన్పు బాగా జరిగిందని ఒకరు చెక్క ఉయ్యాల బొమ్మ ఇచ్చారు. మూలింటి అమ్మాయి, చర్చికి పోయే వాళ్ళమ్మాయి, అది కూడా వచ్చింది. "మాకు ఆడ మొక్కేం లేదు గానీ పెద్దమ్మా, అందరూ ఇస్తాంటే సూస్తా ఊరికుంటే బాగుండదు గదా" అని గాజు సీసాలో మామిడికాయ ఊరగాయ ఇచ్చింది. అర సీసా కాదు, నిండు సీసా.

మొక్కు టెంకాయలను కాళ్ళకు తగిలేలా కింది సంచుల్లో పెట్టకూడదు. ఇంకెక్కడ? అన్నిటికన్నా పైన. గుడారం మీద పిండి, పిండి మీద బొంత, బొంత మీద టెంకాయలు, ఆ పైన ఉయ్యాల. మూట నా భుజాల దాకా వచ్చింది.

ఖాలా ముక్కు మీద వేలేసుకుంది. "తౌబా తౌబా! అక్కా, మనం ఒక రాత్రి పండుకోనీకి పోతాండామా, కాపురం పెట్టనీకి పోతాండామా?"

"కట్టింది నేను. నాకు తెలుసులే."

మీ తాత అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ అంతా చూస్తున్నాడు. ఏమీ అనలేదు. పరీక్ష పెట్టేవాడు ముందే ఏమంటాడు?

మరుసటి రోజు పొద్దున్నే బయలుదేరాం. ముందు ఖాలా, మధ్యలో నేను, వెనక మోపెడ్ మీద మీ తాత. మాఘమాసం, ఎండ ఇంకా ముదరలేదు. ఊరు దాటేదాకా బాగానే సాగింది. మలుపుల్లో మాత్రం మూట ఒకవైపు, నేను ఒకవైపు లాగుతున్నట్టుండేది. "బాగుంది, బాగుంది" అని పైకే అనుకుంటూ తొక్కాను. వెనక మోపెడ్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

గోనెగండ్లకు సగం దూరంలో ఒక మోరీ, అంటే చిన్న కల్వర్టు, ఉంది, అక్కడ రోడ్డు కాస్త మీదికెక్కుతుంది. లేచి నిలబడి గట్టిగా తొక్కాను. ముందు చక్రం నేల వదిలేసినట్టు తేలిపోయింది. హ్యాండిల్ తిప్పితే తిరుగుతోంది, సైకిల్ మాత్రం దాని ఇష్టం. అప్పుడే పత్తి లారీ ఒకటి పక్కనుంచి పోయింది. ఆ గాలికి మూట ఒరిగింది, మూట వెంట సైకిల్ ఒరిగింది. నేను దూకేశాను. పడ్డానని చెప్పలేను, కూర్చున్నానని చెప్పాలి, రోడ్డు పక్క మెత్తటి మట్టిలో.

తొమ్మిది టెంకాయలూ దారి పట్టాయి! ఒకటి మోరీ కిందికి, రెండు రోడ్డుకు అడ్డంగా, మిగిలినవి పక్కనున్న మిరపచేలోకి. చేలో కాయలు కోస్తున్న ఆడవాళ్ళు మొదట భయపడ్డారు, నేను లేచి నిలబడేసరికి నవ్వడం మొదలుపెట్టారు.

"అవ్వా, టెంకాయలమ్మేదానివా? దిష్టి తీసినావా?"

"ఏమి అవ్వో, సైకిల్ మింద ఉయ్యాల కూడా ఉందే! బిడ్డ యాడ?"

నవ్వుతూనే అందరూ వచ్చి ఏరి ఇచ్చారు. ఎనిమిది దొరికాయి. తొమ్మిదోది మోరీ రాయికి తగిలి రెండు చెక్కలైంది. దాని మీది పసుపు గుడ్డ ముడి చూసి గుర్తుపట్టాను, ఎదురింటి వదిన మొక్కు.

మీ తాత మోపెడ్ ఆపి గబగబా వచ్చాడు. టెంకాయల వైపు చూడలేదు, సైకిల్ వైపు చూడలేదు. నా ఎడమచెయ్యి పట్టుకుని మణికట్టు అటూ ఇటూ తిప్పాడు. వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూశాడు. ఏమీ కాలేదని తెలిశాక వెళ్ళి మోరీ గోడ మీద కూర్చున్నాడు.

"ఆటో పిలుస్తా. ఇంటికి పోదాం" అన్నాడు.

 ఆటో ఎక్కితే అంతే. మీ నాయనకు సాయంత్రం ఫోన్ వెళ్తుంది. గుడారం మళ్ళీ వడియాల మీదికి వెళ్తుంది. "ఇంకొకసారి కట్టి సూస్తా" అన్నాను.

"మల్లా అట్లనే కడతావు."

"కట్టను."

ఖాలా అప్పటికే మూట విప్పేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పొయ్యి, గిన్నెలు ఒక సంచిలోకి, నీళ్ళు, పిండి ఇంకో సంచిలోకి, రెండూ చేత్తో ఎత్తి చూసి సరిచేస్తోంది. అదృష్టం కొద్దీ పగలని ఊరగాయ సీసాను తువ్వాలులో చుట్టి అడుగున పెట్టింది. బొంత, గుడారం మాత్రం క్యారియర్ మీద పడుకోబెట్టి బిగించింది. మూట నా నడుము కిందికి వచ్చింది. కానీ టెంకాయలు మిగిలిపోయాయి, ఉయ్యాలా మిగిలింది. వాటిని కిందికి దించలేను, పైన పెట్టలేను. చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

మీ తాత మోరీ మీది నుంచే అన్నాడు, "అవి ఇట్ల తే. నా బండి మింద పెట్టుకుంటా."

"అట్లెట్ల? మొత్తం బరువుతో పోవాలని గదా షరతు."

"నీ సామానుతో పోవాలని షరతు. అవి నీ సామాన్లా?"

నేను ఆయన ముఖం చూశాను. ఆ మాట నాకు తట్టనే లేదు. నా గుడారం, నా బొంత, నా జొన్నపిండి. ఇంతే కదా నావి. మిగిలినవి నేను వద్దనలేక తెచ్చుకున్నవి.

అక్కడి నుంచి గోనెగండ్ల దాకా ఎలా పోయానో చెబితే నమ్మరు. సైకిల్ నేలను పట్టుకుని నడిచింది. మోరీ తర్వాత ఇంకో రెండు ఎత్తులు వచ్చాయి, చక్రం లేవలేదు. గోనెగండ్లలో ఒక బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. మీ తాత నాలుగు బజ్జీలు తిన్నాడు, ఏమీ చెప్పలేదు. ఖాలా ఊరుకోలేక, "ఏం భాయ్, పాసా ఫెయిలా?" అంది. "తిరిగి పోవాల గదా ఇంకా" అన్నాడు.

తిరుగు దారిలో ఎదురుగాలి. మెల్లగా తొక్కాం. దిగలేదు. ఇంటికి వచ్చేసరికి నా కాళ్ళు వణుకుతున్నాయి గానీ సైకిల్ వణకలేదు.

ఇంట్లోకి పోకముందే ఎదురింటికి వెళ్ళాను. పగిలిన చెక్కలు రెండూ చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వదిన వాటిని తీసుకుని వాసన చూసింది.

"నీళ్ళు ఎట్లుండె?"

"సూడలేదు వదినా, మట్టిలో పోయినాయి. కొబ్బరి మాత్రం తెల్లగా ఉంది."

గోటితో ఒక ముక్క గీరి నోట్లో వేసుకుంది. "తియ్యగుంది. కుళ్ళింటే బాధపడాల. ఆయమ్మ దారిలోనే తీసుకునింది, అంతే" అంది. నాకు ఊపిరి వచ్చింది. ధైర్యం కూడా వచ్చింది.

"వదినా, మిగిలినవి మోయలేను. నన్ను తప్పుగా అనుకోవద్దు. మీ మొక్కులు మీరే తీర్సుకుంటే బాగుంటాది. బస్సు ఉంది గదా."

చాలా మాటలు పడతాననుకున్నాను. వదిన కొంగు నడుముకు చుట్టింది. "నువ్వు సైకిల్ మింద పోతాంటే మేం బస్సులో పోలేమా ఏం? ఎవరు పిల్చుకపోతారు మరి?" అని వీధి అంతా వినబడేలా అడిగింది. అడుగుతూ మా అరుగు వైపు చూసింది. అరుగు మీద మీ తాత ఉన్నాడు. పాపం, ఆయనకు తప్పించుకునే దారి లేదు.

సాయంత్రం మీ నాయనకు ఫోన్ చేశాడు. నేను వంటింట్లో ఉన్నాను, గంటె చప్పుడు కాకుండా పట్టుకున్నాను. ఖాలా తలుపు పక్కకు జరిగింది.

"పడింది" అన్నాడు మొదటి మాటే.

 అవతల మీ నాయన గట్టిగా ఏదో అంటున్నాడు.

"ఇనురా. సెప్పనీ. మూట ఎత్తుగా కట్టింది, పడింది. సెయ్యికేం కాలేదు, నేను పట్టి సూసినా. మల్లా కిందికి కట్టుకునింది. గోనెగండ్లకు పోయింది, వచ్చింది. ఒక్క తావ కూడా దిగలేదు. ఎదురుగాలిలో నా మోపెడే మూలిగింది, ఆమె మూలగలేదు." బీడీ దగ్గు ఒకటి దగ్గాడు. "నేను సరే అంటాండా. నువ్వు కాదంటే నువ్వే వచ్చి ఆమెతో సెప్పు. నేను సెప్పను."

ఖాలా రెండు చేతులతో నోరు మూసుకుని గోడకు ఆనుకుంది. నేను గంటె దింపాను. అప్పటిదాకా పొయ్యి మీద కూర మాడుతున్న వాసన ఇద్దరికీ తెలియలేదు.

బయలుదేరే రోజు పొద్దున నేను నా సంచులు నేనే కట్టాను, రెండు పక్కలా, కిందికి. ఖాలా ఎత్తి చూసి ఒక్క జొన్నపిండి పొట్లం మాత్రం అటు నుంచి ఇటు మార్చింది. ఇద్దరం వీధి చివర మలుపు తిరిగాం. ఊరు దాటి చాలాసేపు తొక్కాక వెనక నుంచి మంత్రాలయం బస్సు వచ్చింది. కిటికీలన్నీ మా వీధే. వదిన తల మొత్తం బయటపెట్టి, "ఏమే, ఇంకా ఈడనే ఉండారా? మేం దర్శనం సేసుకోని వచ్చేస్తాం, మీరు మెల్లగా రాండి!" అని అరిచింది. ఆమె వెనక సీట్లో మీ తాత, ఒళ్ళో టెంకాయల సంచి, దాని మీద చెక్క ఉయ్యాల. ఆయన వెంటనే నన్ను చూడలేదు. ముందు నా వెనక చక్రాన్ని చూశాడు, తర్వాత సంచులను చూశాడు, ఆ తర్వాత నన్ను చూసి తల ఊపాడు.

చెయ్యి ఊపుదామనుకున్నాను. కానీ బరువు సైకిల్ కదా, హ్యాండిల్ వదలకూడదు. గంట కొట్టాను.